తోసేదెవరండీ?

నిద్ర పట్టడం లేదు. పొద్దున అమ్మకి చక్రాల కుర్చీ కొందామని వెళ్తే షాపతను అన్న మాట ఇంకా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అమ్మ అతని ఎదురుగానే కూర్చుని ఉంది. అయినా నావైపే చూస్తూ, "తోసేదెవరండీ? మీరేనా? పేషెంటు బరువెంత?" అన్నాడు. అమ్మకి ఎడమ చెయ్యీ కాలూ మాట వినడం లేదు గానీ, నోరు ఎలా పనిచేస్తుందో మీకు తెలియంది కాదు. "నన్నడుగు నాయనా, నా బరువు నాకు తెలుసు" అంది. అతను నవ్వేసి, మళ్ళీ నన్నే అడిగాడు.

చూపించినవి కూడా తోసేవాళ్ళ కోసం చేసినవే. వెనక చక్రాలు 12 అంగుళాలు, మడిస్తే డిక్కీలో పడిపోతాయి. ఇప్పుడు ఇంట్లో ఉన్న అరువు కుర్చీ కూడా ఆ జాతే. దాని చక్రానికి చేత్తో తిప్పుకునే రింగు ఉండదు. ఎవరు ఎక్కడ వదిలేస్తే అక్కడే.

మొన్నామధ్య చుట్టాలింటికి వెళ్ళినప్పుడు జరిగింది ఇక్కడ రాయలేదు. రాస్తే ఎవరి గురించో వాళ్ళకి తెలిసిపోతుందని. పోనీ, తెలియనీ. భోజనాల వేళ అందరూ అటూ ఇటూ తిరుగుతుంటే అమ్మ కుర్చీ దారికి అడ్డమైంది. ఒకావిడ వచ్చి "ఒక్క నిమిషం పిన్నిగారూ" అని బ్రేకు తీసి, కుర్చీని మూలకి నెట్టి, మళ్ళీ బ్రేకు వేసి వెళ్ళిపోయింది. మొహం గోడవైపు. నేను లోపల వడ్డన దగ్గరున్నాను. అమ్మ వెనక్కి తిరగలేదు, ఎవరినీ పిలవనూ లేదు. నేను వచ్చి చూసేసరికి గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చుంది. "ఈ నెల్లో సెలవులు ఎక్కువున్నాయే" అంది. కారెక్కాక కూడా ఇంకేమీ అనలేదు. అమ్మ తిడితే నాకు భయముండదు. అలా సెలవుల గురించి మాట్లాడితేనే కడుపులో దేవినట్టుంటుంది. ఆవిడకి మాత్రం ఈ రోజుకీ తెలీదు, తానేం చేసిందో. కుర్చీ జరిపాననే అనుకుంటుంది. కుర్చీలో మనిషున్నారు తల్లీ!

సరే. అన్నయ్య సంగతి. ఎలక్ట్రిక్‌దే కొను, అమ్మ హాయిగా తిరుగుతుంది అని వారం పది రోజులుగా ఒకటే పోరు. రోజుకో లింకు. ఒకదానికి నాలుగు మోటార్లట, ఇసకలో కూడా వెళ్తుందట. మన అమ్మ ఇసకలోకి ఎందుకు వెళ్తుందిరా అంటే, "నీకు ప్రతిదానికీ వంకే" అంటాడు. ఆ పట్టుదల మీదే నేను మామూలు కుర్చీయే కొందామని వెళ్ళాను. అల్యూమినియంది 12 నుంచి 15 కిలోల్లో వస్తుంది. మడతపెట్టే ఎలక్ట్రిక్‌వి కూడా చాలావరకు 25 పైమాటే, పెద్దవైతే మనిషి బరువు దాటేస్తాయి. కారులోకి ఎత్తే నడుము నాది, అన్నయ్యది కాదు.

కానీ అక్కడ అమ్మని ఎలక్ట్రిక్‌దాంట్లో కూర్చోబెట్టి చూశాం. జాయ్‌స్టిక్ కుడిచేతి వైపు బిగించాడు. వేలు అలా ఆనించిందో లేదో కుర్చీ కదిలింది. అమ్మ నాకు చెప్పకుండా వెళ్ళిపోయింది. వాకర్ల వరస దాటి, అవతల మంచాల దాకా. అంతే, నా లెక్కలన్నీ ఎగిరిపోయాయి, ఇదే కొనేద్దామనుకున్నాను.

తిరిగొస్తూ గుమ్మాన్ని ఢీకొంది. ఎడమవైపు.

అమ్మకి ఎడమవైపు కనిపించక కాదు. కన్ను చూస్తుంది, మెదడే పట్టించుకోదు. కుడివైపు మెదడుకి దెబ్బ తగిలినవాళ్ళలో చాలామందికి ఇలా ఉంటుందని ఫిజియో చెప్పాడు. కంచంలో ఎడమ సగం అలాగే మిగిలిపోతుంది, కంచం తిప్పితే తింటుంది. ఆ స్థితిలో మోటారు చేతికిస్తే? షాపతనికి గుమ్మం మీదా కుర్చీ మీదా ఉన్న కంగారు అమ్మ మోచెయ్యి మీద లేదు, అది వేరే కోపం.

ఇంటికొచ్చాక ఇంకో లెక్క. ర్యాంపు వాలు 1:12 ఉండాలంటారు, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. మన మెట్లు అడుగున్నర. అంటే 18 అడుగులు, గేటు దాటి రోడ్డు మీదకి పోవాలి. మామూలు కుర్చీ అయితే ఇద్దరం వెనక్కి వాల్చి ఒక్కో మెట్టూ ఎక్కించేస్తాం. ఎలక్ట్రిక్‌ది ఛార్జింగ్ అయిపోతే మీట తిప్పి తోసుకోవచ్చన్నాడు, కానీ మీట తిప్పాక మోటారు బ్రేకు పట్టదట. వాలు మీద ఆ మీట ఎవరైనా తిప్పితే! "ఒక్క నిమిషం పిన్నిగారూ" అనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

సాయంత్రం ఫిజియోకి ఫోన్ చేస్తే అతను ఇంకో దారి చెప్పాడు. 24 అంగుళాల చక్రాల మామూలు కుర్చీయే, కానీ సీటు రెండంగుళాలు కిందికి ఉన్నది. ఒక్క కుడిచేత్తో చక్రం తిప్పితే కుర్చీ ఎడమకి తిరిగిపోతుంది కదా, అందుకని కుడివైపు ఫుట్‌రెస్ట్ తీసేసి ఆ పాదం నేల మీద ఆనించి, దాంతో లాక్కుంటూ, దాంతోనే దారి సరిచేసుకుంటూ వెళ్ళాలట. మడమ పూర్తిగా నేలకి ఆనాలి, అదీ మెత్త వేసుకుని కూర్చున్నాక. మెల్లగానే వెళ్తుంది, గుమ్మానికి తగిలినా మెల్లగానే తగులుతుంది. మెత్త మాత్రం మంచిది కొనమన్నాడు. మోటారున్నా లేకున్నా, కదలకుండా కూర్చుంటే పుండ్లు పడతాయి, అరగంటకోసారి బరువు అటూ ఇటూ మార్చాల్సిందే.

షాపులో ఈ ముక్క ఎవరూ ఎందుకు చెప్పలేదు? నేను కూడా కుర్చీ బరువు, డిక్కీ కొలతలే అడిగాననుకోండి. మడతపెట్టి కారులో వేసుకునే కుర్చీని 1930ల్లో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే గనుల ఇంజనీరు, నడుము దెబ్బతిన్నాక, హ్యారీ జెన్నింగ్స్ అనే స్నేహితుడితో కలిసి చేయించుకున్నాడట. కూర్చునేవాడే చేసుకున్న కుర్చీ. దాన్ని పట్టుకుని ఈరోజు తోసేదెవరండీ అని అడుగుతున్నారు.

అలాగని ఎలక్ట్రిక్ వద్దని తీర్మానించేశానా అంటే లేదు. వాకర్ల వరస దాటుతున్నప్పుడు అమ్మ వీపు చూశాను కదా. ఎడమవైపు చూసుకోవడం అలవాటు చేయిస్తే, ఆర్నెల్లాగి మళ్ళీ కూర్చోబెట్టి చూద్దామన్నాడు ఫిజియో. ముందు కిందికున్న సీటుది కొంటాను. అన్నయ్య అలిగితే అలగనీ.

పడుకోబోయే ముందు అమ్మకి ఇదంతా చెప్పాను. మెత్త రంగు అడిగింది. తర్వాత, "ఏది కొన్నా సరే, వెనక పిడులకి కూరగాయల సంచీలు తగిలించకు. లేవబోతే కుర్చీ వెనక్కి పడుతుంది" అంది. సంచీలు తగిలించేది నేనేనన్న సంగతి ఆవిడకి తెలుసు. దానికోసం వేరే ఏదైనా బుట్ట చూడాలి.