అది అరుగుదల నొప్పి కాదు

నాలాగా జాకెట్లు కుట్టేవాళ్లకి వేళ్ల నొప్పులు మామూలే. అందుకే మా వీధిలో అందరిదీ ఒకటే మాట: "రోజంతా మిషన్ మీద కూర్చుంటే నొప్పులు రాకేం చేస్తాయి, నాలుగు రోజులు రెస్ట్ తీసుకో." రెస్ట్ తీసుకుంటే ఇంకా ఎక్కువైంది. అది కీళ్లవాతమని తర్వాతే తెలిసింది.

అప్పుడు నాకు 38 ఏళ్లు. పొద్దున లేచేసరికి రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి ఉండేవి. పిడికిలి పట్టలేను. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేదాన్ని. పిల్లాడి యూనిఫాం గుండీలు మా ఆయనే పెట్టేవారు. షాపు తెరిచే వేళకి వేళ్లు కాస్త వదిలేవి, పనిలో పడితే మధ్యాహ్నానికి ఫర్వాలేదనిపించేది. దాంతో "పొద్దున పనికి బద్ధకం" అన్నవాళ్లూ ఉన్నారు.

తర్వాత కాళ్లకి పాకింది. మంచం దిగి అడుగు వేస్తే పాదం ముందు భాగం కింద గులకరాళ్లు ఉన్నట్టుండేది. మట్టెలు బిగుసుకుపోయి వేలు కందిపోతే సబ్బు నీళ్లు పోసి తీశాం. అత్తయ్యగారు రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడో రోజు ఆవిడే వావిలాకు వేసి నీళ్లు కాచి ఇచ్చారు. ఆ నీళ్లతో హాయిగా ఉండేది, వాపు మాత్రం తగ్గేది కాదు.

ఆవిడకీ కీళ్లు అరిగి వచ్చే మోకాళ్ల నొప్పులున్నాయి. కానీ ఆవిడవి మెట్లెక్కితే, ఎక్కువసేపు నిలబడితే వస్తాయి, కూర్చుంటే తగ్గుతాయి. పొద్దున పట్టేసినా పది నిమిషాల్లో వదులుతాయి. నావి పడుకుని లేస్తే పట్టేస్తాయి, కదిలితే వదులుతాయి. ఒకే ఇంట్లో రెండు రకాల నొప్పులున్నా, ఇద్దరికీ కాల్షియం బిళ్లలే రాశారు మా ఊరి డాక్టరు. కీళ్లవాతం ఉందేమో చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష కూడా చేయించి, నెగెటివ్ వచ్చిందని "కీళ్లవాతం లేదు, వెళ్లు" అన్నారు.

వాపు తగ్గకపోయేసరికి మా అన్నయ్య గుంటూరులో కీళ్లవాతం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "పొద్దున వేళ్లు వదలడానికి ఎంతసేపు పడుతుంది?" నొప్పి ఎంత అని అందరూ అడిగారు గానీ ఎంతసేపు అని అడిగింది ఆవిడొక్కరే. గంట దాటుతుందని చెప్పాను. షేక్‌హ్యాండ్ ఇస్తూ వేళ్ల మొదళ్లని అడ్డంగా నొక్కారు. కెవ్వున అరిచాను. గోళ్ల దగ్గరి కణుపులు మాత్రం బాగానే ఉన్నాయి. వయసు మీద పడి అరిగే వేళ్లకి ఆ చివరి కణుపుల్లో ఎక్కువగా బుడిపెలు వస్తాయట. సోరియాసిస్ అనే చర్మవ్యాధితో వచ్చే వాతమేమోనని గోళ్ల మీద గుంటలు, తలలో పొలుసులు ఉన్నాయేమో చూశారు. ఈమధ్య చికెన్‌గున్యా వచ్చిందా అని అడిగారు, ఆ నొప్పులూ నెలల తరబడి ఉంటాయి కాబట్టి.

రక్తపరీక్షల్లో, ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ ఎక్కువ. కీళ్లవాతాన్ని పట్టిచ్చే మరో పరీక్ష, యాంటీ సీసీపీ, పాజిటివ్. ఎక్స్‌రే బాగానే ఉంది, మొదట్లో అలాగే ఉంటుందట. నా జబ్బు కీళ్లవాతమే, ఇంగ్లీషు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ ఉన్నా ఈ జబ్బు ఉండొచ్చు, పాజిటివ్ ఉన్నవాళ్లందరికీ ఉండాలనీ లేదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల పొర మీద పడుతుంది, ఆలస్యం చేస్తే ఎముక దెబ్బతిని వేళ్లు వంకర్లు పోతాయి.

వెయిటింగ్ హాల్లో పాతికేళ్ల కుర్రాడొకడు కుర్చీ ఖాళీగా ఉన్నా అటూ ఇటూ తిరుగుతున్నాడు. తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వస్తుందట, కూర్చుంటే ఎక్కువట. అదీ వాతంలో ఒక రకమే, వెన్నుకి పడుతుందిట. మా బావగారిది మళ్లీ వేరు: అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయారు. అది ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై వచ్చే వాతం.

నాకు రక్షణ వ్యవస్థ దూకుడు తగ్గించే మెథోట్రెక్సేట్ బిళ్లలు రాశారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని చీటీ మీద "శనివారం మాత్రమే" అని ఎర్ర ఇంకుతో రాసి కింద రెండు గీతలు గీశారు. వేరే రోజు ఫోలిక్ యాసిడ్. లివర్, రక్తం పరీక్షలు తప్పనిసరి. పిల్లల కోసం చూసేవాళ్లు ఆ మందు వాడకూడదని కూడా చెప్పారు. ఆదివారాలు వికారం, అన్నం వాసన పడేది కాదు. జుట్టూ కొంత ఊడింది. చెప్పొద్దూ, మొదటి నెలంతా మానేద్దామనే అనిపించింది. రెండు నెలలు దాటాక పట్టేసే సమయం తగ్గడం మొదలైంది. గంట నుంచి అరగంటకి, అరగంట నుంచి కాఫీ కాచేంతసేపటికి వచ్చింది.

వంకాయ తినొద్దు, గోంగూర తినొద్దు అన్నవాళ్లని లెక్కచేయలేదు. డాక్టరమ్మ వద్దన్నది పొగాకూ మద్యమూ, ఆ రెండు అలవాట్లూ నాకు లేవు.

ఇప్పుడు వాపు లేదు. మోతాదు తగ్గించారు గానీ ఆపలేదు, ఆపితే తిరగబెడుతుందన్నారు. కత్తెర పెద్ద పిడిది కొనుక్కున్నాను. లైనింగ్ జాకెట్లు నేనే కుడుతున్నా, హుక్కులూ కాజాలూ మాత్రం పక్కింటి అమ్మాయికి ఇచ్చేస్తున్నా.