తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి

రేపు పొద్దున్నే ఫ్లైట్. గదంతా కవర్లు, డబ్బాలు, ఒక మూల ఖాళీ సూట్‌కేస్. ఇదివరకు ఇలాంటప్పుడు దొరికింది దొరికినట్టు కుక్కేసేదాన్ని, ఈసారి మాత్రం కొన్నవన్నీ ముందు నేల మీద పరిచి, ఏవి నా వెంట రావాలి, ఏవి చెక్-ఇన్‌లో వెళ్ళాలి అని విడదీసుకున్నాకే పెట్టె తెరిచాను.

పగిలేవాటికే ఎక్కువ సమయం పట్టింది. ఒక పింగాణీ గిన్నె కొన్నాను, అంచు బాగా పల్చన, అడుగున చేసినవాళ్ళ వేలిముద్ర ఇంకా చెక్కుచెదరకుండా ఉంది, దాని కోసమే కొన్నాను. బోలుగా వదిలేస్తే ఒత్తిడికి అంచు విరుగుతుందని లోపల సాక్సులు నింపి, స్వెట్టర్‌లో చుట్టి, నాలుగు వైపులా బట్టలు వచ్చేలా పెట్టె నడిమధ్యలో పెట్టాను. మూసి ఊపి చూస్తే కాస్త కదిలింది. మళ్ళీ విప్పి, ఇంకో రెండు టీషర్టులు దోపాను.

సీసాల విషయంలో ఒకసారి బాగా దెబ్బ తిన్నాను, అమ్మకి కొన్న శాలువా మీద నూనె మొత్తం కారిపోయింది. గాల్లో ఉన్నప్పుడు విమానం లోపలి ఒత్తిడి దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది, సీసాలో చిక్కుకున్న గాలి వ్యాకోచించి ద్రవాన్ని మూత దగ్గరికి నెడుతుంది. అందుకే ఇప్పుడు మూత తీసి, సీసా మూతికి ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టి, గట్టిగా బిగించి, జిప్ కవర్లో వేస్తున్నాను. హ్యాండ్ బ్యాగ్‌లో అయితే చాలా ఎయిర్‌పోర్టుల్లో 100 మిల్లీలీటర్లు దాటిన సీసాని రానివ్వరు, ఊపితే మంచు కురిసే గాజు గోళం కూడా ద్రవం కిందే లెక్క. డ్యూటీ ఫ్రీలో కొన్నదాన్ని సీలు వేసిన కవర్లో ఇస్తారు, దారిలో ఫ్లైట్ మారేవాళ్ళు ఇల్లు చేరేదాకా దాన్ని విప్పకండి.

పవర్ బ్యాంక్ చెక్-ఇన్‌లో వేయకూడదు, మంటలొస్తే కింద సామాన్ల అరలో ఆర్పేవాళ్ళు ఉండరు. మామూలుగా 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాకా వెంట తీసుకెళ్ళనిస్తారు, 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న పవర్ బ్యాంక్ 74 వాట్-అవర్ల దగ్గరే ఆగుతుంది.

ట్యాక్స్ రిఫండ్, అంటే పరాయి దేశంలో కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకునేవాళ్ళు సామాను కౌంటర్లో ఇచ్చేయకముందే కస్టమ్స్ దగ్గరికి వెళ్ళండి, వస్తువు చూపించమనొచ్చు. బిల్లులు, ఆ వస్తువులు నేను పైనే పెట్టుకున్నాను.

చివరికి తూకం వేశాను. నా టికెట్‌కి 23 కిలోలు, ముల్లు 24 దాటింది. బరువైన బూట్లు రేపు కాళ్ళకే వేసుకుంటాను. గిన్నెని మాత్రం ఇంక కదపను.