సర్వర్ మారాను

అన్నం తింటూ తింటూనే మాస్టొడాన్‌లో ఇల్లు మారిపోయాను ఇవాళ. ట్విట్టర్‌లాంటిదే ఇదీ, కాకపోతే ఒక్క కంపెనీది కాదు; వేర్వేరు మనుషులు నడిపే బోలెడు సర్వర్లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

పాత సర్వర్‌లో ఒకడు నా పోస్టుల కింద వరసగా బూతులు రాశాడు. రిపోర్ట్ కొట్టి పది రోజులైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొద్దున చూస్తే వాడు దర్జాగా అక్కడే ఉన్నాడు.

ఈసారి పేరు బాగుందని దూరిపోలేదు. 'అబౌట్' పేజీ చివరిదాకా చదివా. నడిపేదెవరో ఉంది, రూల్స్ ఉన్నాయి. ఆ కిందే, వీళ్లు బయటి సర్వర్లలో వేటిని తమవైపు రాకుండా ఆపేశారో జాబితా. ఒక్కోదాని పక్కన కారణం: స్పామ్, వేధింపులు, ద్వేషం. రూల్స్ ఎవరైనా రాస్తారు. నాకు నమ్మకం కలిగించింది ఈ జాబితానే.

మాస్టొడాన్ సొంత సైట్‌లో సర్వర్ పేరు కనబడాలంటే కొన్ని షరతులకు ఒప్పుకోవాలి. జాతి, లింగ వివక్షలను అడ్డుకోవాలి, రోజూ బ్యాకప్ తీయాలి, ఇంకో మనిషి దగ్గర కూడా తాళాలుండాలి, మూసేసేటప్పుడు 3 నెలల ముందు చెప్పాలి. మూడు నెలలు! మా ఇంటి ఓనర్ నెల కూడా ఇవ్వలేదు.

ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే వెంట వచ్చేస్తున్నారు. పోస్టులు మాత్రం రావట. రెండేళ్ల సొద అంతా అక్కడే వదిలేశా. ఉగాది పచ్చడి ఫోటో ఒక్కటే కాస్త బెంగ.

కొత్తచోట బోణీగా టీ గ్లాసు ఫోటో పెట్టా. రెండు నిమిషాల్లో ఎవరో మెత్తగా అడిగారు: "చూపు లేనివాళ్ల కోసం ఫోటోకి వివరణ రాస్తారా అండీ?"

రాశా. అల్లం టీ అని కూడా చెప్పా.