మూడు దావాలు ఒకే కోర్టుకు చేరేదాకా

నాయన పోయాక ఇంటికి మూడు కేసుల సమన్లు వచ్చాయి. ఒకటి చిత్తూరు నుంచి, రెండు తిరుపతి నుంచి. మూడింటికీ మూలం ఒకే బ్యాంకు అప్పు. వాటిని ఒకే జడ్జి ముందుకు తెచ్చుకోవడానికి ఏం చేశామో రాస్తున్నాను. ఇదే చిక్కులో ఉన్న కుటుంబాలు మన జిల్లాలో ఇంకా ఉన్నాయని తెలుసు.

నాయన మామిడికాయల వ్యాపారం చేసేవాడు. బంగారుపాళ్యం దగ్గర మా తోట, తిరుపతిలో తాత కట్టిన ఇల్లు, రెండింటి కాగితాలూ బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నాడు. తర్వాత అదే కాగితాల మీద అప్పు పెంచుకున్నాడు. తోతాపురి ధర పడిపోయిన ఏడాది కంతులు ఆగాయి. ఆ దిగుల్లోనే పోయాడు.

కోర్టుకు పోకుండానే బ్యాంకు తనఖా ఆస్తిని వేలం వేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. బాకీ ఇరవై లక్షల లోపే కాబట్టి బ్యాంకు బాకీలు వసూలు చేసే ట్రిబ్యునల్ అయిన డీఆర్‌టీకీ పోదు. అందుకని తోటనూ ఇంటినీ కలిపి బ్యాంకు చిత్తూరు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో తనఖా దావా వేసింది. అమ్మ, నేను, తమ్ముడు వారసులుగా ప్రతివాదులం. జామీను సంతకం పెట్టిన చిన్నాయన కూడా ప్రతివాదే. వారసుల బాధ్యత నాయన నుంచి వచ్చిన ఆస్తి వరకేననీ, మా జీతాల జోలికి రారనీ లాయరు సార్ చెప్పాకే అమ్మకు కాస్త నిద్ర పట్టింది.

ఇక రెండోది అత్త వేసిన భాగం దావా. ఇల్లు తాత స్వార్జితం, ఆయన వీలునామా రాయలేదు. చిన్నాయన తన భాగాన్ని నాయనకు రిజిస్టర్ చేసి విడిచిపెట్టాడు కానీ అత్త విడిచిపెట్టలేదు. మూడో వంతు తనదనీ, దాన్ని తనఖా పెట్టే హక్కు అన్నకు లేదనీ ఆమె వాదన. మూడోది చిన్నాయనది. తను మొదటి అప్పుకే జామీను ఉన్నాననీ, పెంచిన అప్పుకు బాధ్యుణ్ణి కాదని ప్రకటించమనీ అడిగాడు. ఈ రెండూ తిరుపతి కోర్టులో ఉన్నాయి. బ్యాంకు వాటిలో ప్రతివాది.

అత్త మీద నాకు కోపం లేదు. కోర్టు వరండాలో నా చెయ్యి పట్టుకొని, "నీ మీద కాదమ్మా నేను కేసేసింది, మా నాయన ఇంట్లో నా భాగం కోసం" అంది. ఆమె మాట న్యాయమే. ఆడబిడ్డ సంతకం లేకుండా ఆ ఇంటిని తనఖాకు తీసుకోవడం బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో జరిగిన పెద్ద లోపమని ఇప్పటికీ అంటాను.

అసలు చిక్కు మొదటి వాయిదాల్లోనే బయటపడింది. తాత పేరు మీదున్న అసలు దస్తావేజును బ్యాంకు చిత్తూరు కోర్టులో దాఖలు చేసింది. తిరుపతిలో అత్త కేసుకు కావలసిందీ అదే. ఆమె చేతిలో ఉన్నది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నకలు మాత్రమే. ఇంకో భయం ఇంతకన్నా పెద్దది. చిత్తూరు కోర్టు ఇల్లంతా తనఖాలో ఉందని, తిరుపతి కోర్టు మూడో వంతు తనఖాలో లేదని తీర్పిస్తే ఆ ఇంటిని ఎవరు వేలం వేస్తారు, ఎవరు కొంటారు? పైగా చంద్రగిరి, పాకాల మీదుగా డెబ్బై కిలోమీటర్ల బస్సు ప్రయాణం. మోకాళ్ల నొప్పులతో అమ్మ అంత దూరం కూర్చోవడమే కష్టం.

అత్త కేసుపై సివిల్ ప్రొసీజర్ కోడ్ పదో సెక్షన్ కింద స్టే అడుగుదామని ఒకరు సలహా ఇచ్చారు. మా లాయరు సార్ ఒప్పుకోలేదు. ఆ సెక్షన్‌కు రెండు దావాల్లోనూ తేలాల్సిన అసలు వివాదం ఒకటే కావాలి, ఇక్కడ ఒకటి అప్పు, ఒకటి వాటా. ఒకవేళ స్టే వచ్చినా అత్త ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. నాకూ అది ఇష్టం లేదు.

దావాలను క్లబ్ చేయడానికి, అంటే కలిపి ఒకేసారి విచారించడానికి, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ప్రత్యేక సెక్షన్ లేదు. 151వ సెక్షన్ కింద కోర్టు తన సహజాధికారంతో చేస్తుంది. 2004లో చిటివలస జూట్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా చెప్పింది. కానీ ముందు మూడూ ఒకే కోర్టులో ఉండాలి. దానికి 24వ సెక్షన్ కింద చిత్తూరు జిల్లా జడ్జి దగ్గర ట్రాన్స్‌ఫర్ ఓపీ (కేసును వేరే కోర్టుకు మార్చమనే పిటిషన్) వేశాం. రెండు కోర్టులూ ఆ జిల్లా కోర్టు కిందివే కాబట్టి హైకోర్టు దాకా పోనవసరం రాలేదు. తనఖా ఆస్తులు రెండు చోట్ల ఉన్నప్పుడు ఏ చోటి కోర్టైనా దావా వినవచ్చు. ఇల్లు తిరుపతిలో ఉంది కనుక తనఖా దావాను అక్కడికి పంపడానికి అడ్డు లేదు.

ఇది కాలయాపన ఎత్తు అని బ్యాంకు కౌంటర్ వేసింది. వాళ్ల అనుమానం అర్థం లేనిది కాదు, వాయిదాలతో ఏళ్లు గడిపేసేవాళ్లు ఉంటారు. అందుకే తోటనూ ఇంటినీ అమ్మబోమని, బ్యాంకు సాక్షుల విచారణకు అడ్డు చెప్పబోమని రాతపూర్వకంగా మెమో ఇచ్చాం. పిటిషన్ గెలవడానికి ఎక్కువ పనికొచ్చింది ఆ మెమోనే అని నా నమ్మకం. విచారణ మొదలుకాకముందే వెళ్లడం కూడా కలిసొచ్చింది. సగం సాక్ష్యం నమోదయ్యాక అడిగి ఉంటే ఇంత తేలిగ్గా వచ్చేది కాదు.

ఫైలు తిరుపతికి వచ్చాక క్లబ్బింగ్ కోసం ఐఏ (నడుస్తున్న దావాలో వేసే మధ్యంతర దరఖాస్తు) వేశాం. అత్త, చిన్నాయన అభ్యంతరం లేదని రాసిచ్చారు. బ్యాంకు దావాను ప్రధాన దావాగా పెట్టి, సాక్ష్యమంతా అందులోనే నమోదు చేయాలని ఆర్డరు వచ్చింది. బ్యాంకు మేనేజర్ ఒక్కసారే బోనెక్కాడు. ముగ్గురు లాయర్లూ ఆయన్ను ఒకే సాక్ష్యంలో క్రాస్ ఎగ్జామిన్ చేశారు. అప్పు పెంచినప్పుడు చిన్నాయన సంతకం తీసుకున్న కాగితం లేదని అక్కడే ఒప్పుకున్నాడు. అది విడిగా చిత్తూరులో జరిగి ఉంటే అత్త లాయరుకు ఆయన్ను ప్రశ్నించే వీలే ఉండేది కాదు.

ఒకటి గుర్తుంచుకోండి. క్లబ్ చేసినంత మాత్రాన మూడూ ఒకే దావా అయిపోవు. ఎవరి నెంబరు వారిది, ఎవరి కోర్టు ఫీజు వారిది. తీర్పు ఉమ్మడిగా వచ్చినా డిక్రీలు మూడు వస్తాయి, నచ్చని డిక్రీ మీద దేనికి దానికే అప్పీలు వేసుకోవాలి. అందుకే మూడింటికీ వెంటనే విడివిడిగా నకళ్లకు దరఖాస్తు పెట్టించారు సార్.

తీర్పులో అత్త మూడో వంతును తనఖా నుంచి తీసేశారు. చిన్నాయన బాధ్యత మొదటి అప్పు వరకే అన్నారు. మిగతా బాకీకి ప్రిలిమినరీ (ప్రాథమిక) డిక్రీ ఇచ్చి, కట్టడానికి ఆరు నెలల గడువు పెట్టారు. తోటలో ఒక ముక్క అమ్మి బాకీ కడతామన్నాం. బ్యాంకు ఒప్పుకొంది, కోర్టు అనుమతి ఇచ్చింది. గడువు లోపలే కట్టేశాం. దస్తావేజులు చేతికొచ్చాక ఈసీ (ఆస్తి మీదున్న తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీయించి, తనఖా రద్దయినట్టు ఎక్కిందో లేదో చూసుకున్నాం. ఇంట్లో అత్త వాటా పంచుకునే ఫైనల్ డిక్రీ పిటిషన్ ఇప్పుడు నడుస్తోంది.