బంగ్సా గడిలో తెలుగు

మలేషియాలో ఏ దరఖాస్తు చేతికిచ్చినా మూడు గడులు దాదాపు తప్పవు. వర్గనెగారా అంటే పౌరసత్వం. బంగ్సా అంటే జాతి, కొన్ని ఫారాల్లో దాన్నే కెతురునాన్ అంటారు. అగామా అంటే మతం. బంగ్సా దగ్గర మామూలుగా నాలుగే ఉంటాయి: మెలాయు, చీనా, ఇండియా, లాయిన్-లాయిన్. చివరిది "ఇతరులు". హైదరాబాదు నుంచో విశాఖ నుంచో ఉద్యోగానికి వచ్చినవాళ్ళు తడబడేది ఇక్కడే, ఎందుకంటే "ఇండియా" పౌరసత్వం గడిలోనూ రాయాలి, జాతి గడిలోనూ రాయాలి. మొదటిది పాస్‌పోర్టు సంగతి. రెండోది నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన తమిళులకీ, తెలుగువాళ్ళకీ, మలయాళీలకీ, పంజాబీలకీ కలిపి వేసిన ఒకే ముద్ర. స్థానిక తెలుగువాడి ఫారంలో పౌరసత్వం మలేషియా, జాతి ఇండియా. మన ఫారంలో రెండూ ఇండియానే. భాషాభిమానం కొద్దీ లాయిన్-లాయిన్ దగ్గర టిక్కు కొట్టి పక్కన తెలుగు అని రాసేవాళ్ళున్నారు. ఆ గడి యురేషియన్లు, సయామీలు వంటివాళ్ళ కోసం పెట్టింది. ఒక ఫారంలో అలా, ఇంకో ఫారంలో ఇలా రాస్తే రేపు పిల్లల కాగితాల దగ్గర మీకే చిక్కు. ఏది రాసినా అన్నిట్లో ఒకటే రాయండి.

ఈ గడుల వెనక ఉన్నది రాజ్యాంగమే. 160వ అధికరణం "మలయ్" ఎవరో నిర్వచిస్తుంది: ఇస్లాం మతాన్ని అవలంబించాలి, మలయ్ భాష అలవాటుగా మాట్లాడాలి, మలయ్ ఆచారం పాటించాలి, స్వాతంత్ర్యానికి ముందటి పుట్టుకకో నివాసానికో సంబంధించిన షరతు ఒకటి తీరాలి. అంటే అక్కడ మతమూ జాతీ ఒకే ముడిలో ఉన్నాయి. 153వ అధికరణం మలయ్‌లకీ, సబా, సరావక్ స్థానిక జాతులకీ ప్రత్యేక స్థానం ఇస్తుంది. ప్రభుత్వ కొలువులు, స్కాలర్‌షిప్పులు, కాలేజీ సీట్లు, లైసెన్సుల్లో వాటా అక్కడి నుంచే వచ్చింది. డిగ్రీకి ముందు చదివే ప్రభుత్వ మెట్రిక్యులేషన్ కోర్సుల్లో నూటికి 90 సీట్లు భూమిపుత్రులకు, అంటే మలయ్‌లకీ స్థానిక జాతులకీ, 10 మిగతా అందరికీ అన్న లెక్క స్థానిక భారతీయ కుటుంబాల్లో ఏటా ఇంటింటా చర్చే. "భారతీయుడు" అన్నదానికి మాత్రం ఇలాంటి నిర్వచనం లేదు. హిందువు, క్రైస్తవుడు, సిక్కు అందరూ ఆ గొడుగు కిందే. 2020 జనాభా లెక్కల్లో పౌరుల్లో భూమిపుత్రులు 69.4 శాతం, చైనీయులు 23.2, భారతీయులు 6.7. ఆ 6.7 లో అత్యధికులు తమిళులు. తెలుగువాళ్ళు మైనారిటీలో మైనారిటీ.

వీళ్ళలో ఎక్కువమంది పూర్వీకులు కంగాణీ పద్ధతిలో, అంటే మేస్త్రీ తన ఊరివాళ్ళని కూలికి పోగుచేసి తెచ్చే పద్ధతిలో, రబ్బరు, కొబ్బరి ఎస్టేట్లకు వచ్చినవాళ్ళు. పెద్ద వాటా ఉత్తరాంధ్రది, తర్వాత గోదావరి జిల్లాలది. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో కొబ్బరి తోటల వైపు వెళ్తే శ్రీకాకుళం యాస ఇప్పటికీ చెవిన పడుతుంది, మధ్య మధ్య మలయ్ మాటలు, తమిళ మాటలు కలిసి. 1938లో భారత ప్రభుత్వం మలయాకు కూలీల వలసను ఆపేశాక కొత్తగా వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఉన్నవాళ్ళ పిల్లలు తమిళ బడికో మలయ్ బడికో వెళ్ళారు. ఇంటిపేరు కూడా కాగితాల మీద ఎక్కలేదు. ఇక్కడ కొడుకైతే ఏ/ఎల్, కూతురైతే ఏ/పీ అని పెట్టి తండ్రి పేరు రాస్తారు. అప్పన్న కొడుకు రాములు అయితే "రాములు ఏ/ఎల్ అప్పన్న", అంతే. పెళ్ళి సంబంధాలప్పుడు గోత్రం, ఇంటిపేరు అడిగితే చాలామంది పెద్దవాళ్ళకి ఫోన్ చేయాల్సి వస్తుంది.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. భారతీయుల్ని కించపరచడానికి ఇక్కడ వాడే మాట "కెలింగ్". ఒకప్పుడు అది తిట్టు కాదు. పినాంగ్ జార్జ్‌టౌన్‌లో కపితాన్ కెలింగ్ మసీదు, మలక్కాలో కంపుంగ్ క్లింగ్ మసీదు ఆ పేరుతోనే నిలబడి ఉన్నాయి. భాషావేత్తలు దీని మూలం కళింగ అంటారు. తమిళుణ్ణి ఏడిపించడానికి వాడే మాట పుట్టింది శ్రీకాకుళం వైపు. మసీదు పేరు చెప్పడానికి తప్ప ఆ మాట నోట రానివ్వకండి. సహోద్యోగి సరదాగా అన్నా నవ్వి ఊరుకోవద్దు, నవ్వితే అలవాటు చేసుకుంటారు.

రాజకీయం సంగతికి వస్తే, 1946లో పెట్టిన మలయన్ ఇండియన్ కాంగ్రెస్ (ఎంఐసీ) పార్టీకి పేరులోనే ఇండియా ఉంది. మొదట్లో జాన్ తివి, బుధ్ సింగ్, రామనాథన్, దేవసర్ లాంటి రకరకాల నేపథ్యాలవాళ్ళు అధ్యక్షులయ్యారు. ఓట్ల రాజకీయం మొదలయ్యేసరికి ఎస్టేట్లలోని తమిళ జనమే పార్టీకి బలం కావాలి, 1955లో సంబంధన్ పగ్గాలు పట్టారు. అప్పటి నుంచి ఎంఐసీ అంటే ఆచరణలో తమిళ పార్టీ. మలయా ఆంధ్ర సంఘం కూడా 1955లోనే పుట్టింది. అదే తర్వాత మలేషియా తెలుగు సంఘం అయింది. ఈ రెండిటికీ నేరుగా సంబంధం ఉందని కాదు, కాలం ఒకటే. పార్టీలో దొరకని చోటును సంఘంలో వెతుక్కోవడం మైనారిటీలో మైనారిటీకి సహజం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే ఆ అల్లికే కారణం.

బడి దగ్గర తేడా స్పష్టంగా కనిపిస్తుంది. దేశంలో తమిళ ప్రాథమిక పాఠశాలలు ఐదు వందలకు పైగా ఉన్నాయి. 1996 విద్యా చట్టం ప్రకారం జాతీయ పాఠశాలలో కనీసం 15 మంది పిల్లల తల్లిదండ్రులు అడిగితే చైనీసు లేదా తమిళం నేర్పే ఏర్పాటు చేయాలి. స్థానిక ఆదివాసీ భాషలకైతే "వీలున్నంతలో" అన్న షరతుతో అదే 15. ఆ వాక్యంలో తెలుగు లేదు. 15 మంది కాదు, 50 మంది తెలుగు తల్లిదండ్రులు సంతకాలు పెట్టినా ఆ సెక్షన్ చూపించి అడిగే హక్కు లేదు. అందుకే తెలుగు తరగతులు సంఘం హాళ్ళలో, గుళ్ళలో, వారాంతాల్లో నడుస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళు "ఇన్నేళ్ళుండి భాష ఎందుకు పోగొట్టుకున్నారు" అని స్థానికుల్ని తేలిగ్గా అనేస్తారు. చట్టంలో రెండు పేర్లే ఉన్నప్పుడు మూడో భాష ఇంత మిగలడమే గొప్ప.

2007 నాటికి తీరు మారింది. దేశం పేరు, భాష పేరు పక్కకి జరిగి మతం ముందుకొచ్చింది. హిండ్రాఫ్ అనే ఉద్యమ సంస్థ పూర్తి పేరులో ఉన్నది హిందూ హక్కులు. ఆ ఏడాది నవంబర్ 25న కౌలాలంపూర్ వీధుల్లోకి వేలమంది వచ్చారు. ఎస్టేట్ గుళ్ళ కూల్చివేతలు, చదువుల్లో, కొలువుల్లో వెనకబాటు కలిసి రగిలాయి. డిసెంబర్‌లో ఐదుగురు నాయకుల్ని విచారణ లేని నిర్బంధ చట్టం కింద పెట్టారు. వాళ్ళలో ఒకరి పేరు మలయ్ అక్షరక్రమంలో గణబతిరావు. మన కంటికి అది గణపతిరావే. 2022 నుంచి ఆయన క్లాంగ్ ఎంపీ. 2008 మార్చి ఎన్నికల్లో పాలక కూటమి మూడింట రెండొంతుల బలం పోగొట్టుకుంది, ఎంఐసీ అధినేత సామివేలు సుంగై సిపుట్‌లో ఓడారు. 2004లో ఎంఐసీకి 9 పార్లమెంటు సీట్లు. 2008లో 3, 2013లో 4, 2018లో 2, 2022లో ఒక్కటి. మొత్తం 222 నియోజకవర్గాల్లో భారతీయులు మెజారిటీగా ఉన్నది ఒక్కటీ లేదు. ఏ భారతీయ అభ్యర్థి అయినా మలయ్, చైనీయుల ఓట్లతోనే గెలవాలి. తమ జాతి కోసం గట్టిగా మాట్లాడితే ఆ ఓట్లు జారతాయి, మాట్లాడకపోతే సొంతవాళ్ళు తిడతారు. ఇక్కడి భారతీయ నాయకుల మెతకదనాన్ని వెక్కిరించేముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

గుళ్ళ సమస్య మతం కన్నా ముందు భూమి సమస్య. ఎస్టేట్ కాలంలో దొర ఒక మూల చూపిస్తే కూలీలు అమ్మవారికో రాముడికో గుడి కట్టుకున్నారు. పట్టా కంపెనీదే. యాభై, అరవై ఏళ్ళకి ఆ తోట ఇళ్ళ స్థలాలుగా అమ్ముడైతే కొత్త యజమాని చేతికి పట్టా, భక్తుల చేతిలో విగ్రహం. కాగితం ప్రకారం గుడి ఆక్రమణ. భూమి రాష్ట్రాల పరిధిలోది కాబట్టి కౌలాలంపూర్‌లో మంత్రిని కలిసి లాభం లేదు, ఆ జిల్లా భూమి కార్యాలయానికి పోవాలి. గుడి కమిటీలో చేరిన కొత్తవాళ్ళు మొదట అడగాల్సింది ఈ ఏటి ఉత్సవం బడ్జెట్ కాదు, పట్టా నకలు. ఎవరి పేర ఉందో తెలిశాక, ప్రభుత్వ భూమి అయితే జాతీయ భూమి చట్టం 62వ సెక్షన్ కింద గుడి కోసం రిజర్వు చేయించుకోవాలి. ప్రైవేటుదైతే అమ్మకం జరగకముందే రాతపూర్వక ఒప్పందం. కమిటీ 1966 సంఘాల చట్టం కింద నమోదై ఉండాలి, లేకపోతే ఆ దరఖాస్తు ఎవరి పేర పెట్టాలో కూడా తేలదు. ఏటా జమాఖర్చులు పంపకపోయినా, కమిటీ రెండుగా చీలి రెండు జాబితాలు పంపినా నమోదు చిక్కుల్లో పడుతుంది. బయటి శత్రువు కన్నా ఈ చీలికకే ఎక్కువ భయపడాలి. 2025లో కౌలాలంపూర్ మస్జిద్ ఇండియా ప్రాంతంలోని నూట ముప్పై ఏళ్ళ భద్రకాళి గుడి వ్యవహారంలోనూ మూలం ఇదే: గుడి పాతది, భూమి ఇంకొకరిది. చివరికి దగ్గర్లోనే వేరే స్థలానికి మారడానికి ఒప్పందం కుదిరింది.

అగామా గడి దగ్గర పొరపాటు జరిగితే అది అన్నిటికన్నా ఖరీదు. 1988లో చేర్చిన 121(1ఏ) అధికరణం ప్రకారం షరియా కోర్టు పరిధిలోని విషయాల్లో సివిల్ కోర్టులు వేలు పెట్టవు. ముస్లింని పెళ్ళాడాలంటే మతం మారాలి, రాష్ట్ర మత శాఖలో నమోదు కావాలి. మారాక వెనక్కి రావడం దాదాపు అసాధ్యం, ఇస్లాం వదిలి క్రైస్తవురాలైన లీనా జాయ్ కేసులో 2007 తీర్పు చెప్పింది అదే. భర్త మారి, భార్యకు చెప్పకుండా పిల్లల్నీ మార్చిన ఇపో ఊరి ఇందిరా గాంధీ అనే మహిళ కేసు తొమ్మిదేళ్ళు నడిచింది. 2018 జనవరి 29న ఫెడరల్ కోర్టు తల్లీ తండ్రీ ఇద్దరి సమ్మతీ ఉండాలంది. అదే ఏడాది డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన సవరణతో, మతం మారిన భాగస్వామి కూడా సివిల్ కోర్టులోనే విడాకులు అడగొచ్చు. అంతకుముందు మారని వ్యక్తి మాత్రమే, అదీ మూడు నెలలు ఆగి, అడగాల్సి వచ్చేది. కూలీ పాస్ మీద వచ్చినవాళ్ళకి ఇవేవీ వర్తించే దశే రాదు. పీఎల్‌కేఎస్ అనే ఆ పాస్ షరతుల్లోనే ఇక్కడ పెళ్ళి చేసుకోకూడదని ఉంది.

ఆఫీసులో రోజువారీ సంగతులు ఇంత బరువైనవి కావు, కానీ తెలియకపోతే నొప్పించేస్తాం. పాంట్రీలో హలాల్ కాని వంటకు వేరే మైక్రోవేవ్, ఫ్రిజ్‌లో వేరే అర ఉంటే ఆ లేబుల్‌ని పట్టించుకోండి. మన చికెన్ ఇంట్లో వండిందే అయినా కొన్నచోటు హలాల్ కాకపోతే ఆ లెక్కలోకే వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మీటింగ్ పెట్టొద్దు. కెదా, కెలంతన్, తెరెంగాను రాష్ట్రాల్లో వారాంతం శుక్ర, శనివారాలు. దీపావళి సెలవు ఖాయమనుకుని ముందే టికెట్లు కొనకండి. 1955 ఉద్యోగ చట్టం 11 పండగ సెలవులు ఇమ్మంటుంది గానీ అందులో మార్చడానికి వీల్లేనివి ఐదే: జాతీయ దినం, రాజు పుట్టినరోజు, రాష్ట్ర పాలకుడి పుట్టినరోజు లేదా ఫెడరల్ టెరిటరీ దినం, మే డే, మలేషియా డే. మిగతా ఆరు యజమాని ఎంచుతాడు. ఏడాది మొదలయ్యేముందే ఆ జాబితా నోటీసు బోర్డులో పెట్టాలి, అప్పుడే చూసుకోండి. ఉగాదికి సొంత సెలవే.

గది అద్దె ప్రకటనల్లో "చైనీయులకు మాత్రమే" అని కనిపిస్తే వాదించి లాభం లేదు. 8వ అధికరణం సమానత్వం అంటుంది కానీ దాని పట్టు ప్రభుత్వం మీద, ప్రైవేటు ఇంటి యజమాని మీద కాదు. గది చూడటానికి గ్రాబ్ టాక్సీ ఎక్కకముందే ఏజెంటుని ఫోన్‌లో సూటిగా అడగండి. ఇక్కడివాళ్ళు "త్రీ ఆర్" అని పిలిచే మూడింటి మీద, అంటే జాతి, మతం, రాచరికం మీద, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన వీడియోలు ముందుకు తోయడం మానండి. రాజద్రోహ చట్టం, కమ్యూనికేషన్ల చట్టం 233వ సెక్షన్ విదేశీయులకీ వర్తిస్తాయి, పైగా పాస్ పోతే ఉద్యోగమూ పోతుంది. ఊళ్ళోని మన మత రాజకీయాల వీడియోలు ఇక్కడి స్థానిక తెలుగువాళ్ళ గ్రూపులో వేస్తే ఇబ్బంది వాళ్ళకి, మనకంటే ఎక్కువ. మనకి తిరుగు టికెట్టు ఉంది.

బిడ్డ ఇక్కడ పుడితే ద్వీపకల్పంలో 60 రోజుల్లోపు జేపీఎన్ (జాతీయ నమోదు శాఖ) కార్యాలయంలో ఎల్ఎం01 ఫారంతో నమోదు చేయించాలి. తల్లిదండ్రుల పాస్‌పోర్టులు, పెళ్ళి సర్టిఫికెట్, ఆసుపత్రి కాగితం అసళ్ళు ఉండాలి. తెలుగులో ఉన్న పెళ్ళి కాగితమైతే అనువాదం ముందే చేయించుకోండి. తల్లిదండ్రులిద్దరూ విదేశీయులైతే బిడ్డ మలేషియా పౌరుడు కాడు, వెంటనే భారత హైకమిషన్‌లో పాస్‌పోర్టుకి వెళ్ళాలి. సర్టిఫికెట్ ముద్రించకముందే సరిచూసుకోమని వివరాలు చూపిస్తారు. వెనక లైను ఉందని హడావిడి పడకుండా మొదట అగామా వరస, తర్వాత పేరులో అక్షరాలు, ఆ తర్వాత ఇంటిపేరు ముందుందో వెనకుందో చూసుకుని అప్పుడు సంతకం పెట్టండి.