ఎర్ర చుక్క గ్లాసు

మా వంటింట్లో ఒక స్టీలు గ్లాసు ఉంది, అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క. ఆ చుక్క పెట్టింది నేనే. 2016లో హెచ్ఐవీ రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే కంచం, గ్లాసు, సబ్బు, తువ్వాలు అన్నీ వేరు పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ పెట్టుకోమనలేదు. ఎంగిలితో రాదని, పిల్లల్ని ఎత్తుకుంటే అంటుకోదని కౌన్సెలర్ మొదటి రోజే చెప్పింది, అయినా తమ్ముడి బిడ్డ పాక్కుంటూ ఒళ్లోకొస్తే ఏదో పని ఉన్నట్టు లేచిపోయేదాన్ని.

మాది కల్వకుర్తి వైపు. మందులకు పాలమూరు పోవచ్చు, కానీ అక్కడ ఎవరో ఒకరు గుర్తుపడతారనే భయంతో దేవరకొండ మీదుగా నల్గొండకు పోయేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు బస్సు గుంతలో పడ్డప్పుడల్లా సంచిలో డబ్బా గలగలమనేది, ముప్పై మాత్రలు మరి, ఆ చప్పుడుకే గుండె దడదడలాడేది. లేబుల్ గోటితో గీకేసి లోపల దూది కుక్కేదాన్ని. పక్క సీటామె ఏం మందులక్కా అంటే థైరాయిడ్ అని చెప్పేదాన్ని. అదీ రోజుకో మాత్రే, ఇదీ రోజుకో మాత్రే, కానీ ఆ పేరు చెప్తే ఎవరూ జరిగి కూర్చోరు.

ఒకసారి పన్ను నొప్పితో ఓ ప్రైవేటు ఆసుపత్రికి పోయి ఉన్న విషయం చెప్పాను. చీటీ మీద ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి, అందరూ వినేలా చదివి, ఇక్కడ చెయ్యం పొమ్మన్నారు. హెచ్ఐవీ ఉన్న మన కోసం 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, వైద్యం 'చెయ్యం' అనడానికి గానీ మనం ఒప్పుకోకుండా మన విషయం బయటపెట్టడానికి గానీ వీల్లేదు. అది తెలిసి కూడా నోరు విప్పలేదు. నన్ను ఇప్పటికీ కోసేది వాళ్ల మాట కాదు, ఆ రోజు వాళ్లు చేసిందే సరి అని నాకనిపించడం.

తర్వాత రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది, అంటే పరీక్షకు వైరస్ దొరకలేదని. వైరస్ పోయినట్టు కాదు, మందు ఆపితే మళ్లీ పెరుగుతుంది. కానీ రోజూ మాత్ర వేసుకుంటూ లోడ్ మిల్లీలీటరుకు 200 కాపీల లోపే ఉంచుకుంటే శారీరక సంబంధం వల్ల కూడా ఇంకొకరికి సోకదని కౌన్సెలర్ వివరంగా చెప్పింది. ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని బస్సులో ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో. ఇంటికొచ్చి మాత్రం మళ్లీ అదే గ్లాసులో నీళ్లు తాగాను.

పోయిన బతుకమ్మకు, అప్పుడు పాక్కుంటూ ఒళ్లోకొచ్చిన ఆ పిల్లే, పూలు తెంపుకొచ్చి దాహమంటూ ఆ గ్లాసు అందుకుంది. "అత్తా, దీనికి బొట్టు పెట్టినవా?" అంటూ గటగటా తాగేస్తుంటే చప్పున లాక్కున్నాను. నీళ్లన్నీ దాని గౌను మీద పడ్డాయి, బిత్తరపోయి నన్నే చూస్తోంది.

పూలు పేరుస్తున్న అమ్మ తలెత్తింది. "ఇన్నేండ్ల సంది చూస్తున్న బిడ్డా. ఆ గ్లాసు నీకు ఎవరు పెట్టిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. కొంగుతో పిల్ల మెడ తుడిచి, కుండలోంచి నీళ్లు ముంచి, ఆ గ్లాసులోనే పోసిచ్చాను.