కొట్టేసిన ఎ

మా ఆయన సంగతి మీకు తెలిసిందే, తొమ్మిదింటికే గురక. నాకే నిద్ర రావట్లేదు. ఇవాళ వాల్యుయేషన్‌లో చూసిన ఒక పేపరు బుర్రలోంచి పోవట్లేదు.

గ్రూప్ కాని మోనాయిడ్‌కు ఉదాహరణ ఇమ్మని ప్రశ్న. మోనాయిడ్ అంటే బ్రాకెట్లు ఎక్కడ పెట్టినా తేడా రాని గుణకారం, దేన్నీ మార్చని ఒక ఐడెంటిటీ ఉన్న సెట్; ప్రతి ఎలిమెంట్‌కూ దాన్ని వెనక్కి తిప్పే ఇన్వర్స్ కూడా ఉంటే అది గ్రూప్. చక్కగా రాశారు: 1, 2 అనే రెండు అంకెలున్న సెట్ నుంచి అదే సెట్‌కు ఫంక్షన్లు నాలుగు, ఒకదాని తర్వాత ఒకటి చేయడమే గుణకారం. ఉన్నవి ఉన్నట్టే ఉంచేది, అటూఇటూ మార్చేది, అన్నిటినీ 1కి పంపేది, అన్నిటినీ 2కి పంపేది. చివరి రెంటికీ ఇన్వర్స్ లేదు. భేష్. మరి రెండు లైన్ల కిందే, అదే మోనాయిడ్‌లో, 'ఎబి ఈక్వల్ టు ఎసి' నుంచి రెండు వైపులా ఎ కొట్టేసి 'బి ఈక్వల్ టు సి' అట! ఆ ఎ ఎవరనుకున్నారు? అన్నిటినీ 1కి పంపేదే, ఇన్వర్స్ లేనిదే. పక్క సీట్లో సార్ "ఇచ్చేయండి మేడం, రెండు మార్కులే కదా" అన్నారు. ఆ 'కదా' దగ్గరే నాకు మండింది. క్లాసులో మోనాయిడ్‌కు ఒక డెఫినిషన్ చెప్పి, ఎక్స్‌ప్రెస్ బస్సు చిన్న ఊరు దాటినట్టు గ్రూపులకు పోయేది మనమే. ఇక పిల్లలు ఎక్కడ చూసినా ఇన్వర్స్ ఉందనుకోరూ?

అయితే ఇది టైప్ చేస్తుంటే కోపం కాస్త తగ్గింది. ఫైనైట్ మోనాయిడ్‌లో ఇన్వర్స్ కోసం వెతకడం పిచ్చితనమేం కాదు. ఏ ఎలిమెంట్‌నైనా దానితోనే గుణిస్తూ పోతే ఎక్కడో ఒక ఐడెంపొటెంట్, అంటే తనతో తాను గుణించుకున్నా మారనిది, తగులుతుంది, దాని చుట్టూ ఒక గ్రూప్ ఉంటుంది. 1942లో క్లిఫర్డ్, 1950లలో మన్, పొనిజోవ్‌స్కీ అనే గణితవేత్తలు తేల్చింది ఇదే: ఇర్రెడ్యూసిబుల్ రిప్రజెంటేషన్లన్నీ, అంటే ఎలిమెంట్లను మాట్రిక్సులుగా రాసే పద్ధతుల్లో ఇంకా చిన్నవిగా విడగొట్టలేనివన్నీ, ఆ గ్రూపుల నుంచే వస్తాయి. మన నాలుగు ఫంక్షన్లకు అలా మూడు వస్తాయి, మూడూ ఒక డైమెన్షన్‌వే. ఆ నాలుగింటినీ కాంప్లెక్స్ నంబర్లతో గుణించి కూడితే వచ్చే ఆల్జీబ్రా డైమెన్షన్ మాత్రం నాలుగు, అంటే ఒకటి మిగిలింది.

ఆ మిగిలిన ఒకటి కోసం పీహెచ్‌డీ రోజుల్లో ఎంత కొట్టుకున్నానో. ఎండాకాలం, నల్గొండలో కరెంటు లేదు, డాబా మీద సుద్దముక్కతో లెక్క. 1కి పంపేది 'క', 2కి పంపేది 'గ'. వీటిలో ఏ రెంటిని కలిపినా చివర చేసినదే మిగులుతుంది కాబట్టి క−గ వర్గం సున్నా, క−గ మాత్రం సున్నా కాదు! "అమ్మా దొరికింది" అని అరిచాను. అమ్మ "దొరికితే పండుకోయే" అని లెక్క మీదే చాప పరిచింది. వాదించాను, సుద్ద అంటుతుందని, లెక్క పోతుందని. "నీ తలకాయల ఉంది కదా, నేలెందుకు" అంది. కాంప్లెక్స్ నంబర్ల మీద ఫైనైట్ గ్రూప్‌కైతే ఈ మిగులు ఉండదు, ప్రతి రిప్రజెంటేషన్ ఇర్రెడ్యూసిబుల్ ముక్కలుగా పూర్తిగా విడిపోతుందనే మాష్కే సిద్ధాంతం వల్ల. అందులో సగటు తీయడానికి ఇన్వర్స్‌లు కావాలి మరి.

ఆ పేపరులో ఎ అంటే ఈ 'క'యే. ముందు క చేసినా గ చేసినా, తర్వాత క చేస్తే వచ్చేది కయే కాబట్టి, ఎ కొట్టేస్తే క, గ ఒకటైపోతాయి, క−గ మాయమవుతుంది. అందుకే ఆ రెండు మార్కులు వేయలేదు. ఉదాహరణకు పూర్తిగా వేశాను. సార్ లంచ్ దాకా మాట్లాడలేదు. రేపు కూడా సీటు ఆయన పక్కనే.